దాణాలో ఏ పొడి కలపాలి? గొర్రెపిల్లల పెంపకందారుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: పిల్లలు త్వరగా బరువు రావాలంటే, మాంసం బాగుండాలంటే ఏ టానిక్, ఏ పొడి, ఏ మిశ్రమం వాడాలి? అందుకే ఈసారి శీర్షికంతా దానికే కేటాయించాం.

ప్రశ్న: పాలు మాన్పించిన 25 పొట్టేలు పిల్లలు కొన్నాను. ఒక్కోటి 12, 13 కిలోలుంది. మందుల దుకాణంలో లివర్ టానిక్, కాల్షియం ద్రావణం, ఖనిజ మిశ్రమం, ‘గ్రోత్ పౌడర్’ నాలుగూ కలిపి వాడమంటున్నారు. పగలు మేపుకొస్తాను. నాలుగూ అవసరమా? – వనపర్తి జిల్లా

జవాబు: నాలుగింటిలో ఖనిజ మిశ్రమం ఒక్కటే అవసరం. అది కూడా దాణా పెడుతూ ఉంటేనే. మేత మీదే బతికే పిల్లకు లోటు ముందు మాంసకృత్తుల్లో, పిండి పదార్థంలో ఉంటుంది. ఆ లోటు తీర్చకుండా టానిక్ పోస్తే ఆకలి కొంచెం పెరగొచ్చు, కానీ తినడానికి ఏముంది? మేపుతోనే ఉన్న పిల్ల రోజుకు 40 నుంచి 70 గ్రాములు పెరిగితే, సరైన దాణా తోడైనప్పుడు 100 నుంచి 120 గ్రాములు పెరుగుతుంది. ఈ తేడా తెచ్చేది సీసా కాదు, తొట్టి.

వంద కిలోల దాణాకు మొక్కజొన్న రవ్వ 40, వేరుశనగ చెక్క 15, పత్తి చెక్క 10, కంది పొట్టు 17, నూనె తీసిన తవుడు 14, గొర్రెల ఖనిజ మిశ్రమం 2, సున్నపురాయి పొడి (కాల్సైట్) 1, ఉప్పు 1 కిలో కలపండి. మాంసకృత్తులు 16, 17 శాతం దాకా వస్తాయి. మొక్కజొన్నను మెత్తటి పిండి చేయించకండి, రవ్వ చాలు. పిండి అయితే పొట్టలో ఒక్కసారిగా పులుస్తుంది, పైగా సగం గాలికి పోతుంది. ఖనిజ మిశ్రమం, కాల్సైట్, ఉప్పు ముందుగా రెండు మూడు కిలోల తవుడులో బాగా కలిపి, తర్వాతే మిగతా దాంట్లో కలపాలి. నేరుగా కుప్ప మీద చల్లితే అడుగున ఒకచోట పేరుకుంటుంది. ఒక పిల్లకు ఎక్కువ, పది పిల్లలకు అసలు అందదు.

మొదటి నాలుగు రోజులు తలకు 50 గ్రాములు. ఆపైన నాలుగేసి రోజులకు 50 గ్రాముల చొప్పున పెంచుతూ మూడు వారాలకు 300 గ్రాములకు రండి. ఉదయం సగం, సాయంత్రం మంద తిరిగొచ్చాక సగం. ఖాళీ కడుపుతో దాణా మీద పడనివ్వకండి, ముందు కొంచెం చొప్పో వేరుశనగ కట్టో వేసి తర్వాత తొట్టి నింపండి. తొట్టి పొడవు తలకు 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే తక్కువైతే గట్టి పిల్లలు రెండు వాటాలు తింటాయి, బక్కవి వెనకాల నిలబడతాయి. ‘నాలుగు పిల్లలే ఎదగడం లేదు, ఏం మందు?’ అని అడిగే ఉత్తరాల్లో చాలావాటికి జవాబు ఇంకో తొట్టి.

ఈ లెక్కన మూడు నెలలకు పిల్లకు 24 కిలోలు, మొత్తం మీద ఆరు క్వింటాళ్ల దాణా పడుతుంది. అందులో ఖనిజ మిశ్రమం 12 కిలోలే. అంటే మీరు కొనాల్సిన ‘సప్లిమెంట్’ మొత్తం ఒక చిన్న సంచి.

దాణా మొదలుపెట్టకముందు రెండు పనులు చేయాలి. ఒకటి, పేడ పరీక్ష చేయించి నట్టల మందు తాగించడం. పిల్లను తూకం వేసి, బరువును బట్టి మోతాదు ఇవ్వాలి. చూపుతో అంచనా వేస్తే తక్కువ మోతాదు పడి, నట్టలు మందుకు అలవాటు పడతాయి. కింది కనురెప్ప లోపల ఎర్రగా కాక తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం తాగే నట్టలున్నాయని అర్థం. రెండోది చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి పిల్ల హఠాత్తుగా చనిపోయే జబ్బు) టీకా. దాణా పెరిగిన మందలోనే, అందులోనూ బాగా తినే బలిసిన పిల్లకే చిటుక రోగం వస్తుంది. మొదటి డోసు తర్వాత రెండు వారాలకు బూస్టర్ తప్పనిసరి. కొన్న పిల్లలకు టీకాలు పడ్డాయో లేదో తెలియదు కాబట్టి పడలేదనే అనుకోండి. పీపీఆర్ (పారుడు) టీకా సంగతి కూడా అప్పుడే పశువైద్యుణ్ని అడగండి.

లివర్ టానిక్ జబ్బు నుంచి కోలుకుంటున్న పిల్లకు పశువైద్యుడు రాస్తే సరే. పై దాణాలో సున్నం ఉంది కాబట్టి కాల్షియం ద్రావణం వద్దు. ‘గ్రోత్ పౌడర్’ సంచి మీద ఏ పదార్థం ఎంత ఉందో రాసి లేకపోతే అది కొనదగినది కాదు.

పదిహేను రోజులకోసారి, ఉదయం మేపుకు వదలకముందు, అదే ఐదారు పిల్లలను వేలాడే కాటాతో తూచి రాసుకోండి. పదిహేను రోజుల్లో కిలోన్నర పెరిగితే దాణా పనిచేస్తోంది. కిలో కూడా రాకపోతే ముందు పేడ చూడండి, తర్వాత చెక్క వాసన చూడండి. బూజు పట్టిన వేరుశనగ చెక్కలో, తడిసిన మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటుంది. కాలేయం దెబ్బతిని పిల్ల ఎదగదు. అలాంటి చెక్క ఎండబెడితే బాగుపడదు, పారేయడమే.

ప్రశ్న: ఇరవై రోజుల పిల్లలున్నాయి. తల్లులకు పాలు తక్కువ. పిల్లలకు ఇప్పటినుంచే దాణా అలవాటు చేయొచ్చా? – నల్గొండ జిల్లా

జవాబు: చేయొచ్చు, చేయాలి కూడా. పది పదిహేను రోజుల వయసు నుంచే పిల్ల గడ్డిపరకలు కొరకడం మొదలుపెడుతుంది. గట్టి మేత కడుపులో పడి పులిస్తేనే పెద్ద పొట్ట లోపలి గోడ ఎదుగుతుంది. పాలు మాన్పించే మూడో నెలలో పిల్ల జారిపోవడానికి పెద్ద కారణం ఆ పొట్ట అప్పటికి తయారుకాకపోవడమే.

కొట్టంలో ఒక మూల వెదురు బద్దలతో కంచె కట్టి, పిల్ల దూరేటంత, తల్లి దూరలేనంత సందులు వదలండి. 18 నుంచి 20 సెంటీమీటర్లు సరిపోతుంది, మీ పిల్లల భుజం వెడల్పు చూసి సర్దుకోండి. లోపల వెలుతురు ఉండాలి, చీకటి మూలకు పిల్లలు పోవు. దాణా: మొక్కజొన్న రవ్వ 45, వేరుశనగ చెక్క 25, గోధుమ పొట్టు 17, కంది పొట్టు 10, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1. ఈ వయసులో పత్తి చెక్క వద్దు. అందులోని విషపదార్థం గాసిపాల్‌ను విరగ్గొట్టే శక్తి ఇంకా పొట్టకు రాలేదు. యూరియా కలిపిన దాణా అసలే వద్దు. మొదట్లో తలకు 10, 20 గ్రాములు కూడా తినవు. మిగిలింది ప్రతి సాయంత్రం తీసి తల్లులకు వేసి, ఉదయం తాజాది పెట్టండి. ఎంగిలి పడి పులిసిన దాణాను పిల్ల ముట్టదు. రెండో నెలకు 100, మూడో నెలకు 150 నుంచి 200 గ్రాములు తింటుంది. దశరథ గడ్డి లేదా అవిసె ఆకు ఉంటే చిన్న కట్ట అదే కంచెలో వేలాడదీయండి.

తల్లికి పాలు తక్కువంటే దాణా తల్లికీ కావాలి. ఈనడానికి నెలన్నర ముందు నుంచి రోజుకు 200 గ్రాములు పెడితే పిల్ల పుట్టుక బరువు, జున్నుపాలు రెండూ పెరుగుతాయి. వచ్చే ఈతకు ఇది గుర్తుంచుకోండి. మూడు కిలోల పిల్లకు మొదటి ఆరు గంటల్లో కనీసం 150 మిల్లీలీటర్ల జున్నుపాలు పడాలి. అది తప్పిపోతే తర్వాత ఏ పొడీ పూడ్చలేదు.

పిల్లలు పల్చగా, రక్తం కలిసి పారుతుంటే దాణా దోషం అనుకుని ఆపేయకండి. ఈ వయసులో కాక్సీడియా (పేగుల్లో చేరే పరాన్నజీవి) ఎక్కువ. పేడ పరీక్ష చేయించి మందు వేయించండి. తొట్టిలోకి కాళ్లు పెట్టకుండా పైన ఒక అడ్డకర్ర కొట్టండి.

ప్రశ్న: ఆవులకు వాడే ఖనిజ మిశ్రమమే మూడు నెలలుగా పిల్లల దాణాలో కలుపుతున్నాం. రెండు వారాల్లో నాలుగు మంచి పిల్లలు చనిపోయాయి. కళ్లు పసుపు పచ్చగా, మూత్రం నల్లటి ఎరుపు. పక్కనే బత్తాయి తోటలో మేపుతాం. – ప్రకాశం జిల్లా

జవాబు: ఆ మిశ్రమం ఈ రోజే ఆపండి. తోటలో మేపడం కూడా ఆపండి. మీరు రాసిన లక్షణాలు రాగి విషానికి సరిపోతున్నాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాల్లోనూ ఎర్ర మూత్రం వస్తుంది కాబట్టి, ఈసారి పిల్ల చనిపోతే పోస్టుమార్టం చేయించండి. మూత్రపిండాలు నల్లనీలం రంగులో ఉంటే అనుమానం బలపడుతుంది.

పశువుల్లో రాగిని బయటికి పంపే శక్తి గొర్రెకు చాలా తక్కువ. తిన్నది తిన్నట్టు కాలేయంలో దాస్తుంది. నెలల తరబడి పిల్ల నిగనిగలాడుతూనే ఉంటుంది. కాలేయం నిండాక ఓ రోజు ఎండో, ప్రయాణమో, మేత మార్పో, టీకా వేసిన అలసటో తగలగానే దాచిన రాగి ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. రక్తకణాలు పగిలిపోతాయి, ఒకటి రెండు రోజుల్లో పిల్ల పోతుంది. అందుకే ‘నిన్నటిదాకా బాగుంది’ అంటారు.

లెక్క చూడండి. కిలోకు 1000 మిల్లీగ్రాముల రాగి ఉన్న మిశ్రమాన్ని దాణాలో 2 శాతం కలిపితే కిలో దాణాకు 20 మిల్లీగ్రాములు అదనంగా చేరుతుంది. గొర్రెకు కావలసింది మేతంతా కలిపి కిలో ఎండు పదార్థానికి 7 నుంచి 11 మిల్లీగ్రాములు. 25 దాటితే ప్రమాదం, మాలిబ్డినం (ఒంట్లో రాగి చేరకుండా అడ్డుకునే ఖనిజం) తక్కువున్న నేలల్లో అంతకంటే ముందే. ఆవుల మిశ్రమంలో 1000 ఉండటం మామూలే. కోళ్ల దాణా, పందుల దాణా కూడా గొర్రెలకు పెట్టకూడనిది ఇందుకే.

మీ దగ్గర రెండో దారి కూడా ఉంది. బత్తాయికి రాగి ఉన్న తెగుళ్ల మందులు, బోర్డో మిశ్రమమో, కాపర్ ఆక్సీక్లోరైడో కొడితే కింది గడ్డి మీద రాగి పడుతుంది. మూడో దారి చాలామందికి తట్టదు: కాలి పుండ్లకు మైలుతుత్తం నీళ్లలో నడిపించి, ఆ నీళ్లు అక్కడే వదిలేయడం. దాహానికి పిల్లలు తాగుతాయి. దానికి బదులు 10 శాతం జింక్ సల్ఫేట్ వాడండి.

మిగిలిన పిల్లలను కదిలించకుండా, నీడలో ఉంచి పశువైద్యుణ్ని పిలవండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. అమోనియం మాలిబ్డేట్ వంటి మందులు పైకి బాగున్న పిల్లలకే బాగా పనిచేస్తాయి, కళ్లు పచ్చబడ్డాక ఆశ తక్కువ. ఇకపై సంచి మీద ‘గొర్రెలు, మేకలకు’ అని కాక, ‘గొర్రెలకు’ అని విడిగా రాసి, రాగి ఎంతో చెప్పిన మిశ్రమమే కొనండి. మేక రాగిని గొర్రె కంటే బాగా తట్టుకుంటుంది. అయితే రాగి బొత్తిగా లేకున్నా చేటే. చూడి గొర్రెకు రాగి చాలకపోతే నడుము పడిపోయిన పిల్లలు పుడతాయి.

ప్రశ్న: బక్రీద్ కోసం కట్టేసి మేపుతున్న పొట్టేళ్లు మూత్రం పోయలేక ముక్కుతున్నాయి. తవుడు, నూకలు బాగా పెడుతున్నాను. బలం కోసం కాల్షియం కూడా ఇస్తున్నాను. – కరీంనగర్ జిల్లా

జవాబు: మూత్రంలో రాళ్లు. తవుడులో భాస్వరం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, సున్నం దాదాపు శూన్యం. కోడి అయితే తవుడులోని భాస్వరంలో ఎక్కువ భాగం జీర్ణం చేసుకోలేదు. గొర్రె పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి చాలావరకు అందిస్తాయి. ఎక్కువైన భాస్వరం మూత్రంలోకి వచ్చి ఇసుకలా పేరుకుంటుంది. మేతలో సున్నం, భాస్వరం రెండుకు ఒకటి నిష్పత్తిలో ఉండాలి. మీ దగ్గర అది తలకిందులైంది. కాల్షియం సీసా నుంచి రోజుకు ఒక మూత పోస్తే ఆ తేడా పూడదు. అలాంటి ద్రావణాల్లో చాలావాటిలో భాస్వరం కూడా ఉంటుంది, లేబుల్ చదవండి.

ఇప్పటికే ముక్కుతున్న పొట్టేలుకు నీరు ఎక్కువ పోసేట్టు చేసే మందులు ఇవ్వొద్దు, మూత్రాశయం పగులుతుంది. అంగం చివర దారంలా వేలాడే భాగంలోనే చాలాసార్లు రాయి ఇరుక్కుంటుంది. పశువైద్యుడు ఆ కొస కత్తిరిస్తే వెంటనే ధార వస్తుంది. ఆలస్యమైతే పొట్ట కింద నీరు దిగుతుంది, అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. సాయంత్రం చూసి ఉదయం పిలుద్దామనుకోకండి.

మిగతావాటికి తవుడు దాణాలో 15 శాతానికి తగ్గించండి. కాల్సైట్ ఒకటిన్నర శాతం, ఉప్పు 2 శాతం వేయండి, ఉప్పు పెరిగితే నీళ్లు తాగుతాయి. కిలో దాణాకు 10 గ్రాముల అమోనియం క్లోరైడ్ (నవాసారం) కలిపితే మూత్రం పులుపెక్కి రాళ్లు కట్టవు. దాణాకు వాడే రకమే కొనండి, కళాయి పూతకు వాడేది కాదు. చేదుగా ఉంటుంది కాబట్టి కొంచెం బెల్లం మడ్డితో కలపండి. దాణాలో తినే సోడా కూడా వాడుతుంటే ఆపాలి, ఎందుకంటే అది మూత్రం పులుపును తగ్గిస్తుంది. తాళ్లు కట్టిన పొట్టేలుకు నీళ్ల తొట్టి అందుతోందో లేదో ఒకసారి కూర్చుని చూడండి. నాచు పట్టిన నీళ్లు మనకు తేడాగా అనిపించకపోవచ్చు, గొర్రెకు వాసన తెలుస్తుంది. తాగదు.

ప్రశ్న: అజొల్లా పెడితే దాణా అవసరం లేదంటున్నారు. సుబాబుల్ ఆకు కూడా ఉంది. – సిద్దిపేట జిల్లా

జవాబు: అజొల్లా ఎండు బరువులో మాంసకృత్తులు 20 నుంచి 25 శాతం, అది నిజమే. కానీ తడి అజొల్లాలో 94 శాతం వరకు నీళ్లే. కిలో తడి అజొల్లా ఇచ్చే మాంసకృత్తులు 12 నుంచి 15 గ్రాములు, 35 గ్రాముల వేరుశనగ చెక్క ఇచ్చేటంత. తొట్లు, నీళ్లు, పనిమనిషి ఉంటే తలకు 200, 300 గ్రాములు కడిగి దాణాతో కలిపి వేయండి, మంచిదే. దాణా మాన్పించేది మాత్రం కాదు. సుబాబుల్ మేతలో మూడో వంతు మించకూడదు. అందులోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల వెంట్రుకలు ఊడతాయి, ఎదుగుదల ఆగుతుంది.

ప్రశ్న: ఈస్ట్, బైపాస్ ఫ్యాట్, తినే సోడా, వీటిలో పిల్లలకు ఏది లాభం? – చిత్తూరు జిల్లా

జవాబు: మేపు మీద ఉండి 200 గ్రాముల దాణా తినే పిల్లకు మూడూ దండగ. కట్టేసి 400 గ్రాములు, అంతకు మించి గింజ పెట్టేవారికి కిలో దాణాకు 10 గ్రాముల తినే సోడా పొట్ట పులవకుండా కాపాడుతుంది, ఈస్ట్ కూడా అక్కడే కొంత ఉపయోగం. మూత్రంలో రాళ్ల బెడద ఉన్నచోట సోడా వద్దని పైన చెప్పాం. బైపాస్ ఫ్యాట్ (పెద్ద పొట్టలో అరగకుండా పేగుకు చేరే కొవ్వు) పాలిచ్చే పశువు కోసం తయారైంది. పిల్ల కండ పెరగాల్సిన వయసులో దానికి పెట్టే డబ్బుతో చెక్క కొనండి. చౌకని మామూలు నూనె పోస్తారు కొందరు. మేతలో 5 శాతం దాటితే పీచును అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి.

పెళ్లిలో మిగిలిన అన్నం తిని పడిపోయిన పిల్లకు కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున సోడా నీళ్లలో కలిపి, తల పైకెత్తకుండా నెమ్మదిగా తాగించి వైద్యుణ్ని పిలవండి.

ప్రశ్న: మాంసం నల్లగా, గట్టిగా ఉంటోందని కటికవాళ్లు ధర తగ్గిస్తున్నారు. విటమిన్-ఇ, అవిసె గింజలు పెడితే బాగవుతుందా? – అనంతపురం జిల్లా

జవాబు: నల్లదనానికి కారణం మేతలో కాక, చివరి రోజున ఉంటుంది. కండలో నిలవున్న గ్లైకోజన్ (శక్తినిచ్చే పిండి పదార్థం) కోత తర్వాత ఆమ్లంగా మారి మాంసం పీహెచ్ (పులుపు కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) 5.5 నుంచి 5.8కి దిగాలి. లారీలో కుక్కి, రాత్రంతా నిలబెట్టి, కొత్త పొట్టేళ్లతో కలిపితే అవి ఢీకొట్టుకుని ఆ నిలవంతా ఖర్చవుతుంది. పీహెచ్ 6 దాటి ఉండిపోతుంది. మాంసం నల్లగా, జిగటగా ఉండి త్వరగా పాడవుతుంది. సంతకు ముందురోజే చేర్చి, తెలిసిన మందనే ఒకచోట ఉంచి, రాత్రి మేత, నీళ్లు ఇచ్చి, కోతకు 12 గంటల ముందు మేత ఆపండి. నీళ్లు మాత్రం ఆపకండి.

గట్టిదనం ఎక్కువగా వయసును బట్టి ఉంటుంది. పాలపళ్లున్న పిల్ల మాంసం లేతగా ఉంటుంది, రెండు పళ్లు వేసిన పొట్టేలు మాంసం ఎంత మేపినా అంత లేత కాదు. చివరి 45 నుంచి 60 రోజులు దాణా మీద ఉంచితే వీపు మీద పల్చగా కొవ్వు పట్టి మాంసం ఎండిపోకుండా ఉంటుంది. అంతకు మించితే ఆ కొవ్వును కొనేవారే తీసి పక్కన పెడతారు, దానికి పెట్టిన గింజ మీకు నష్టం.

విటమిన్-ఇ సంగతి: కిలో ఎండు మేతకు 150 నుంచి 200 మిల్లీగ్రాములు చివరి ఆరు వారాలు ఇస్తే ప్యాకెట్‌లో, చల్లటి అరలో పెట్టిన మాంసం ఎరుపు ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఉదయం కోసి మధ్యాహ్నానికి అమ్ముడయ్యే మన దుకాణంలో ఆ తేడా ఎవరికీ కనిపించదు. పచ్చిమేత తినే పిల్లకు విటమిన్-ఇ దానంతట అదే అందుతుంది. ప్యాకెట్ మాంసం వ్యాపారం ఆలోచన ఉంటే హైదరాబాద్ దగ్గర చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో శిక్షణ గురించి అడగండి.

అవిసె గింజలు దాణాలో 5 శాతం కలిపితే మాంసంలో ఒమేగా-3 పెరుగుతుంది. కానీ ఆ కొవ్వు త్వరగా కారువాసన పడుతుంది, అప్పుడు విటమిన్-ఇ తప్పదు. (అవిసె గింజ వేరు, పిల్లలకు ఆకు కోసి వేసే అవిసె చెట్టు వేరు. దుకాణంలో చెప్పి తెచ్చుకోండి.) దాణాలో చేపల పొడి ఉంటే అమ్మకానికి నెల ముందే ఆపండి, వాసన మాంసంలోకి వస్తుంది.

ప్రశ్న: పండక్కి నెల ముందు ఒక ఇంజెక్షన్ వేస్తే ఐదు కిలోలు పెరుగుతుందంటున్నారు. – ఖమ్మం జిల్లా

జవాబు: అలా పెరిగేది ఎక్కువగా నీరు. స్టెరాయిడ్లు ఆకలి పెంచి ఒంట్లో నీరు నిలిపి, కండను కరిగిస్తాయి. రోగనిరోధక శక్తి పడిపోయి, అప్పటిదాకా దాగిన జబ్బు సంతలోనే బయటపడుతుంది. యాంటీబయాటిక్స్ ఎదుగుదల కోసం దాణాలో కలపడమూ వద్దు. యాంటీబయాటిక్ కొలిస్టిన్‌ను మాంసం, పాల కోసం పెంచే జంతువులకు వాడకుండా మన దేశంలో 2019లోనే నిషేధించారు. చికిత్స కోసం ఏ మందు వేసినా, నట్టల మందుతో సహా, లేబుల్ మీద రాసిన గడువు రోజులు పూర్తయ్యాకే పొట్టేలును అమ్మండి.